చెవి మీది బీడీ

పోయిన వారం మనం నవతను వంటింటి గుమ్మం దగ్గర వదిలేశాం. చేతిలోని ట్రే జారింది, కప్పులు పగిలాయి, వేడి టీ పాదాల మీద పడింది. అయినా ఆమెకు తెలియలేదు. ఎందుకు జారిందో మరిచినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

దుబాయ్‌కి అవతల ఫుజైరాలో కొండలకూ సముద్రానికీ మధ్యనున్న, నవత పనిచేసే ఆ ఇల్లు తొమికో నుమాతాది. ఎనభైకి దగ్గరపడిన జపాన్ మనిషి. హైకూలు రాస్తుంది. హైకూ అంటే మూడే మూడు ముక్కల పద్యం. అందులో ఏదో ఒక ఋతువు జాడ ఉండాలి. ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో చాప మీద హైకూ సభ జరుగుతుంది. ఆ సభకో వింత పద్ధతి ఉంది. పద్యం కింద రాసినవాళ్ళ పేరు ఉండదు. ఒకరి పద్యాన్ని ఇంకొకరు తమ దస్తూరీతో తిరగరాస్తారు, రాతను బట్టి మనిషిని పోల్చుకోకుండా. నచ్చిన పద్యాన్ని పైకి చదివాక, అది రాసినవాళ్ళు అక్కడికక్కడ తమ పేరు తామే పలకాలి. పలక్కుండా దాచుకోవడం ఆ చాప మీద అన్నిటికంటే పెద్ద తప్పు.

అంతకంటే పెద్దది ఇంకొక్కటుంది. కళ్ళతో చూడనిది రాయడం.

ఆ శుక్రవారం బడిపంతులమ్మ అయేషా మంచు మీద పద్యం రాసింది. "మంచు ఎక్కడ చూశావు?" అంది తొమికో. సినిమాలో అంది అయేషా నవ్వుతూ. తొమికో చూపు పోయి రెండేళ్ళవుతోంది, అయినా తలుపు ఎటుందో తెలుసు. చేతికర్ర ఎత్తి అటు చూపించింది. "దొంగలు నా చాప మీద కూర్చోరు." అయేషా ఏడుస్తూ చెప్పులు వేసుకుంది. అందరూ బిగుసుకుపోయి ఉంటే, ఆ బిగువు సడలించాలని ఎవరో తొమికో పద్యమే ఒకటి ఇంగ్లీషులో చదివారు. జపాన్‌లో బహుమతి వచ్చిన పద్యమట అది. మేడమ్‌కు బీపీ చూడటానికి వచ్చే నర్సు దయారాణి టీ కోసం ఆగి, ఆ పద్యాన్ని నవతకు తెలుగులో చెప్పింది. ఆవిడది నరసాపురం. "ఇదిగో నవతా, మీ మేడం గారి పద్యం వినవే. ఆకులో చుట్టిన సిగరెట్టు అంటున్నారు గానీ, బీడీయే కదా మన భాషలో," అని చెప్పింది.

*మండు వేసవి విరామం—*
*పడినవాడి చెవి మీద వెలిగించని బీడీ,*
*దానికి పసుపు దారం.*

ట్రే జారింది అప్పుడే.

ఆ బీడీ నవత చుట్టినది. జగిత్యాల పక్క ఊళ్ళో పెళ్ళికి ముందునుంచీ ఆమె పని అదే. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. కార్ఖానాకు పోయేవాటికి కార్ఖానా ఇచ్చిన ఎర్రదారం. మొగుడికి చుట్టేవాటికి మాత్రం వేరే. తన పెళ్ళి చీర అంచులోంచి తీసిన పసుపు దారం పోగు, ఒకటికి రెండు చుట్లు. ఊరినుంచి దుబాయ్ వచ్చే ఎవరి సంచీలోనైనా ఒక కట్ట భూమేశ్‌కు వచ్చేది. పనిలోకి దిగేముందు ఒక్క బీడీ చెవి మీద పెట్టుకుని, పని అయిపోయాకే వెలిగించడం భూమేశ్ అలవాటు. దుబాయ్‌కని ఊళ్ళో బస్సెక్కుతూ కూడా అలాగే పెట్టుకున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "చేరినంక ముట్టిస్త," అన్నాడు. అదే ఆఖరి చూపు.

మూడేళ్ళ కింద పెట్టెలో వచ్చాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. శవం వెంట వచ్చిన మరిది ప్రమోద్‌ను పట్టుకుని నవత అడిగింది ఒకే ఒక్క మాట: "ఆఖరికి ఏమన్నడు?" ప్రమోద్ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నిద్రల పోయినోడు ఏమంటడు వదినె?"

నిద్రపోయేవాడు చెవి మీద బీడీ పెట్టుకోడు.

* * *

సభ అయిన మర్నాడూ నవత మామూలుగానే పని చేసింది. గంజి కాచింది, మేడమ్ తల దువ్వింది, మందు గోళీలు చేతిలో పెట్టింది. ఆ చేతులు వణక్కుండా ఉండటం చూసి తనకే భయం వేసింది. ఆదివారం పొద్దెక్కాక, రోజూ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయే వేళకు, డిక్కీలో మడతకుర్చీ పెడుతూ, ఇప్పుడు మేడమ్ కారు నడుపుతున్న ప్రమోద్‌తో అంది:

"ఇయ్యాల సముద్రం గాదు. కొండల దిక్కు పోదాం. మేడమ్‌కు కొండగాలి కావాల్నంట."

"జూలైల కొండగాలా?" ప్రమోద్ నవ్వాడు. "మేడమ్ తోటి ఉండి నీకు గూడ కవిత్వం అంటుకున్నట్టున్నది వదినె. వచ్చే శుక్రవారం నువ్వు గూడ సాప మీద కూసుంటవేమో."

"కూసుంట. ఏం, నేను పనికి రానా?"

"ఎందుకు రావు. బీడీల మీద రాయి. బహుమతిస్తరు."

అన్నాక ఆ మాట తన నోట్లోంచి ఎందుకు వచ్చిందా అన్నట్టు ఆగాడు. నవత డిక్కీలోకి చూస్తూ ఉండిపోయింది. చలికాలంలో ఎడారిలో గుడారం వేసినప్పుడు మేకులు కొట్టే సమ్మెట అందులో ఒక మూలకు పడి ఉంది. దాని పక్కన కుర్చీ సర్దింది.

"ఏ కొండ దిక్కు?"

"మీ అన్న పనిజేసిన పాత కంకర క్రషర్ కాడికి."

తాళం తిప్పబోయిన ప్రమోద్ చెయ్యి ఆగింది. "అది బందువెట్టి ఏడాదాయె. గాడ ఏమున్నది?"

"నేను ఇంకా సూడలే. సూడాలె గదా ఒకపారి. నీకెరుకనా ఆ జాగ?"

"నాకెట్లెరుక వదినె. నేను అప్పుడు అల్ వర్సాన్‌ల గోదాం బండి నడుపుతుంటి. ఫోనొస్తెనే ఉరికొచ్చిన."

ఆ మాట నవత వందసార్లు విని ఉంటుంది. దుబాయ్‌లో గోదాం, ఫోన్, ఉరికి రావడం. అన్న పోయాకే ఈ మేడమ్ దగ్గర డ్రైవర్‌గా చేరానని, మేడమ్‌కు చూపు పోతే మనిషి కావాలంటే వదిన పేరు చెప్పానని. అత్త లక్ష్మవ్వ ఊళ్ళో అందరికీ చెప్పుకునేది, నా చిన్నకొడుకు వదినెను తల్లి లెక్క చూసుకుంటున్నడని.

వెనక సీట్లో తొమికో చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుంది. ఆమెకూ నవతకూ మధ్య నడిచేది కూలీల క్యాంపుల్లో వినిపించే హిందీ. ముప్పై ఏళ్ళుగా డ్రైవర్ల దగ్గరా వంటవాళ్ళ దగ్గరా తొమికో నేర్చుకున్నది, నవత ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నది, రెండూ కలిసి ఎలాగో సరిపోయేవి.

"ఏం కనిపిస్తోంది?" అంది తొమికో. కారు కదలగానే రోజూ అడిగే మాట.

"కొండ."

"ఎలా ఉంది?"

"ఎండకు తెల్లగ కాలుతున్నది. బోడిగున్నది. పాపం అనిపిస్తది చూస్తె."

చేతికర్ర కొస నవత పిక్కకు తగిలింది, గట్టిగానే. ఆ దెబ్బ ఆమెకు అలవాటే. "నీకేం అనిపించిందో నాకొద్దు. ఏముందో చెప్పు. పాపం కంటికి కనిపిస్తుందా?"

"కనిపించదు మేడమ్."

"మరి ఎందుకు చెప్తావు?"

ఏడాదిగా నవత ఆమెకు కళ్ళు. పడవ చూసి పడవ అనాలి, అందంగా ఉందంటే దెబ్బ. చూసింది చూసినట్టు చెప్పించుకుని ముసలామె రాత్రంతా దాన్ని నోట్లో నములుతుంది. తెల్లారి మూడు ముక్కలు పలికి, ఇది నా పద్యం కాదు, నేను చూడలేదు కదా, అని ఉమ్మేస్తుంది. చూపు పోయాక ఒక్క పద్యం కూడా బయటికి ఇవ్వలేదు. అంత నిష్ఠ.

ఆ నిష్ఠ పుట్టిన ఊరినుంచి తెచ్చుకున్నది. జపాన్‌లో ఉత్తరాన చేపలు ఎండబెట్టే రేవు ఊరు ఆమెది. ఓడల ఇంజనీరు మొగుడి వెంట ఫుజైరా వచ్చినప్పుడు ఆమె గురువు కబురు పంపాడట: ఋతువులు లేని దేశంలో హైకూ ఉండదు, తిరిగి రా. పోలేదు. తల్లి చనిపోయినా పోలేదు, మొగుడు చనిపోయినా పోలేదు. పూలూ మంచూ లేకపోతే ఇక్కడి ఋతువులు నేనే వెతుక్కుంటానని కూర్చుంది. జనవరిలో రోడ్డును మింగే పొగమంచు, తొలి ఖర్జూరం పచ్చదనం, ఇసుక మోసుకొచ్చే గాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం బయటి పని ఆపాలన్న సర్కారు రూలును కూడా ఆమె ఋతువు మాట చేసుకుంది. మండు వేసవి విరామం. కూలీలు నీడకు చేరిన ఆ రెండున్నర గంటల నిశ్శబ్దం లోకంలో మరే దేశపు హైకూలోనూ లేదని జపాన్ పత్రికలు మెచ్చుకున్నాయి. తిట్టిన గురువు చచ్చేముందు ఆమె పద్యాలు చదివించుకుని విన్నాడట. ఈ మాట ఆమె నెలకొకసారైనా చెప్పుకుంటుంది.

కారు పెద్దరోడ్డు దిగి మట్టిదారి పట్టింది. దారి రెండుగా చీలిన చోట ప్రమోద్ ఎడమకు తిప్పాడు. ఎవర్నీ అడగలేదు, ఫోన్‌లో మ్యాప్ పెట్టలేదు. నవత అది చూసింది గానీ ఆమె మనసు అప్పుడు ఇంకో దాని మీద ఉంది.

* * *

క్రషర్ తుప్పుపట్టి నిలబడి ఉంది. దాని నోటి దగ్గర, పగలని బండలు కొన్ని అలాగే పడి ఉన్నాయి. అక్కడే భూమేశ్ పని. కొండలోంచి వచ్చిన రాయి యంత్రం నోట్లో ఇరుక్కుంటే పైకెక్కి సమ్మెటతో పగలగొట్టి లోపలికి తోయాలి.

నవత బండల పక్కన, నీడ లేని చోట, మడతకుర్చీ వేసి మేడమ్‌ను కూర్చోబెట్టింది. నెత్తిన గొడుగు పట్టింది.

"ప్రమోద్, మేడమ్ బీపీ గోలీలు అయిపోయినయ్. ఊర్లకు వోయి పట్టుకరా."

"ఇప్పుడా? ఈడ ఒక్కలే ఉంటరా?"

"ఇద్దరముంటిమి గదా. యల్లా, జల్ది రా. చల్లటి నీల్లు గూడ తే."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా నవత ఆగింది. తర్వాత గొడుగు మూసింది.

ఎండ ముసలామె నెత్తిన పడింది. ముఖం కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి పీల్చింది.

"గొడుగు ఎందుకు తీశావు?"

"ఏడున్నమో చెప్పు మేడమ్."

"రాతిపొడి వాసన. గాలి వెనక్కి కొడుతోంది, ఎదురుగా ఏదో గోడ ఉంది. కొండ కోసిన గోడ." చేతికర్ర నేలకు రెండుసార్లు తాటించింది. "ఇక్కడికి నేను వచ్చాను."

"ఎప్పుడొచ్చినవ్?"

తొమికో అరచెయ్యి చాపింది. నవత ఆమెను మీరు అనడం మానేసిందని గమనించినట్టుంది, నుదురు ముడిపడింది. "నీళ్ళు ఇవ్వు."

నీళ్ళ సీసా నవత సంచీలోనే ఉంది. తీసింది. మూత తిప్పిన చప్పుడు వినిపించేలా తిప్పింది. తానొక గుక్క తాగింది. మళ్ళీ మూత పెట్టింది.

"మొన్న సభల చదివిన పద్యం. చెవి మీద బీడీ. అది నువ్వు చూసి రాసినవా, చూడకుంట రాసినవా?"

"ఎండ దెబ్బకు నీకు మతి పోతోంది. నీళ్ళు."

"రెండే దారులున్నయ్ మేడమ్. చూడకుంట రాసిన అంటవా, ఇగో నీల్లు, తాగు, ఇంటికి పోదాం. వచ్చే శుక్రవారం అయేషా టీచర్‌ను నేనే పిలుచుకొస్త. అందరి ముంగట చెప్త, మేడమ్ గూడ చూడనిది రాస్తదని. చూసే రాసిన అంటవా, ఏం చూసినవో చెప్పు. ఆ మనిషి నా మొగడు."

అంత ఎండలోనూ ముసలామె వణికినట్టు కనిపించింది నవతకు. కనిపించిందో, తనకు కావాలని అనిపించిందో.

"నీ మొగుడు," అంది తొమికో. "నాకు తెలుసు."

నవత చేతిలో సీసా నలిగింది.

"తెలిసే పెట్టుకున్నవా నన్ను పనికి?"

"నీళ్ళు ఇస్తావా, ఇవ్వవా?"

"ఇయ్య."

అలా ఎంతసేపు కూర్చున్నారో. తొమికో పెదవులు అంటుకుపోయాయి, విడదీయడానికి నాలుకతో తడుపుకోవాల్సి వచ్చింది. చెంపల మీది పౌడరు చారలుగా జారింది. రోజూ తానే తుడిచే ముఖం అది. రెండుసార్లు నవత చెయ్యి దానంతటదే గొడుగు దగ్గరికి పోయింది. ముసలిప్రాణం, ఇక్కడే పోతే ఎలా, పోలీసులు, జైలు, ఊళ్ళో అత్త. ఇన్ని ఆలోచనలు ఒక్కసారే వచ్చాయి. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

"మీ సభల ఒక రూలున్నది గదా," అంది చివరికి. "పద్యం చదివినంక రాసినోళ్ళు పేరు చెప్పాలె. నేను చదువుతున్న."

దయారాణి చెప్పింది చెప్పినట్టు, తన విరిగిన హిందీలోకి మార్చుకుంటూ చదివింది. వేసవి విరామం. పడినవాడి చెవి మీద బీడీ. పసుపు దారం. చదవడం అయిపోయింది. తుప్పు రేకు ఒకటి గాలికి కొట్టుకుంది.

ముసలామె నడుం నిటారుగా చేసింది. కర్రను పక్కకు జరిపి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది, చాప మీద కూర్చున్నట్టే.

"తొమికో."

ఆ గొంతులో తప్పు చేసినవాళ్ళ బెరుకు లేదు. ఎన్నికైన పద్యం తనదేనని చెప్పుకునే గొంతే అది. దొంగ అనిపించుకోవడం కంటే ఇంకేమైనా అనిపించుకోవడం ఆమెకు నయంగా ఉంది.

"చూశాను. చూడనిది నేను రాయను."

"అయితె చెప్పు."

"విరామం మీద నాకు పద్యం కావాలి. యంత్రం ఆగితే గాని సమ్మెట చప్పుడు విడిగా వినపడదు. పని ఆపిన వేళ ఒకడు నాకోసం రాయి కొడితే బాగుంటుందన్నాను. అప్పుడే కొత్తగా చేరిన నా డ్రైవర్, మావాడు ఒకడున్నాడు, కొడతాడు అన్నాడు. అందరూ షెడ్డులో పడుకున్నారు. ఇతను ఒక్కడే బయటికొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు, చేతులు జోడించాడు. పాపం—"

"పాపం అనకు." నవత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పాపం కంటికి కనిపించదు. ఏం చూసినవో అది చెప్పు."

ముసలామె నోరు మూసింది. మళ్ళీ తెరిచినప్పుడు మాటలు పొడిగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

"చొక్కా నీలం. వీపు మీద ఉప్పు గీతలు. బండ మొదటి దెబ్బకు పగలలేదు. చాలా దెబ్బలు కొట్టాడు. చెమట ఆగిపోయింది. చర్మం పొడిగా అయింది. అది చూశాను."

"చెమట ఆగితె పానం మీదికొచ్చినట్టని తెలుసా నీకు?"

"అప్పుడు తెలియదు. ఇంకోసారి కొట్టమన్నాను. పద్యం ఇంకా రాలేదు. కొట్టాడు. మళ్ళీ కొట్టమన్నాను. సమ్మెట పైకి లేచింది, మనిషి వెనక్కి పడ్డాడు. చెవి మీది బీడీ మాత్రం పడలేదు. దారం పసుపు." ఆగింది. "అప్పుడు వచ్చింది పద్యం."

నవత బండ మీద చెయ్యి ఆనించింది. చర్మం కాలుతున్నా తియ్యలేదు.

"పడ్డప్పుడు పానం ఉండెనా?"

"వేలు కదిలింది. దుమ్ములో. ఇలా." తొమికో చూపుడువేలు తన మోకాలి మీద మెల్లగా గీత గీసింది. "దాన్ని వదిలేశాను. మూడు ముక్కల్లో బీడీకీ వేలుకీ రెంటికీ చోటు లేదు. ఏదో ఒకటే ఉంచాలి."

"నీల్లు లేకుండెనా మీ తాన?"

"కారులో మంచుపెట్టె ఉంది. నిండా ఉన్నాయి. ఎవరూ అడగలేదు."

ఎవరూ అడగలేదు. ఆ మాట విన్నప్పుడు నవతకు ఏడుపు రాలేదు. ఊళ్ళో పెట్టె మూత మీది అద్దంలోంచి కనిపించిన ముఖం గుర్తొచ్చింది. పెదవులు నల్లగా పగిలి ఉన్నాయి. ఐస్‌లో పెడితే అట్లనే అయితది అన్నారు. నమ్మింది.

"ఇగ ఒక్కటే అడుగుత. అది చెప్తె నీల్లిస్త. ఆఖరికి ఏమన్నడు?"

"మీ భాష నాకు రాదు."

"వినవడలేదా?"

"వినపడింది. అర్థం తెలియదు, చప్పుడు గుర్తుంది." ముసలామె తల పక్కకు వంచింది, పాత పాటను లోపల వెతుక్కుంటున్నట్టు. "కొట్టమని నేను హిందీలో చెప్తే, నా డ్రైవర్ అతనికి మీ భాషలో చెప్పాడు. అది ముందు వచ్చింది. తర్వాత ఇతను అన్నాడు. తర్వాతే పడ్డాడు."

"చెప్పు."

తొమికో నుమాతా, ఉత్తర జపాన్ రేవు ఊరి మనిషి, ఎండిన నోటితో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికింది. గొంతు ఆమెదే, కానీ ఒత్తూ సాగదీతా జగిత్యాల పక్కవి.

"అన్నా, ఇంకొక్కపారి కొట్టు. మేడమ్ సూస్తున్నది."



ముసలామె ఇంకా పలుకుతోంది. ఈసారి గొంతు కిందికి దిగింది, అలిసిన మనిషి గొంతు.

"నాతోని అయితలేదు తమ్మీ."

మూడేళ్ళుగా ఎవర్ని అడిగినా దొరకని మాట అది. అచ్చం అతను అన్నట్టే, తమ్మీ దగ్గర కొంచెం లాగి. నవత నేల మీదే ముందుకు పాకింది. రాళ్ళు మోకాళ్ళకు గుచ్చుకున్నాయి. మాట ఇస్తే తప్పకూడదు కదా, సీసా మూత తీసి ముసలామె చేతిలో పెట్టింది. ఆమె తాగుతున్న గుటకలు ఒక్కొక్కటీ వినిపించాయి.

"మేడమ్," అంది నవత. "ఆ పొద్దు వచ్చిన డ్రైవర్ ఎవలు?"

సీసా దించి తొమికో ఆమె వైపు ముఖం తిప్పింది. ఆ పాలిపోయిన కళ్ళలో మొదటిసారి ఆశ్చర్యం ఉంది.

"అప్పటినుంచీ నాకు ఉన్నది ఒక్క డ్రైవరే. నీకు చెప్పలేదా? నన్ను చెయ్యి పట్టి కారులోకి లాగింది అతనే. పద్యం రాసుకునేదాకా ఆగమన్నాను, ఆగాడు. తర్వాత నీకు పని ఇమ్మని అడిగిందీ అతనే. నీకు తెలుసనుకున్నాను. తెలిసీ నాకు తల దువ్వుతున్నావని, గట్టి మనిషివని అనుకున్నాను."

దారి చీలిన చోట ఎవర్నీ అడక్కుండా ఎడమకు తిరిగిన కారు ఇప్పుడు నవత కళ్ళ ముందు మళ్ళీ తిరిగింది.

దూరంగా దుమ్ము లేచింది.

* * *

ప్రమోద్ కారు దిగి, చల్లటి సీసాలు రెండు చంకలో పెట్టుకుని, మందుల సంచీ ఊపుకుంటూ వచ్చాడు. మూసి ఉన్న గొడుగు చూశాడు, మేడమ్ ముఖం చూశాడు.

"గిదేంది వదినె, గొడుగు వట్టలేదా? ముసలామె సచ్చిపోతె వీసా ఇచ్చిన కఫీల్‌కు ఏం జెప్తం?"

"నిద్రల పోయిందని చెప్పు."

ప్రమోద్ నవ్వబోయాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది.

"నీల్లు చల్లగున్నయ్ వదినె. తాగు ముందుగాల. ముఖం ఎట్లనో ఉన్నది నీది."

"ఆడ పెట్టు." నవత లేచి నిలబడింది. చీరకంటిన రాతిపొడి దులుపుకుంది. "డిక్కీల సమ్మెటుంది గదా. తీస్కరా."

"సమ్మెటెందుకు?"

"మేడమ్‌కు రాయి కొట్టే చప్పుడు కావాల్నంట. పద్యానికి."

"ఇంత ఎండల? పిచ్చి లేసిందా? ఖలాస్, పాండి ఇంటికి."

"మేడమ్ అడిగితె కాదంటవా? పెద్ద నౌకరి గదా నీది. తీస్కరా తమ్మీ."

పెళ్ళయి వచ్చిననాటినుంచీ ఆమె అతన్ని పేరు పెట్టే పిలిచింది. తమ్మీ అని పిలవడం ఇదే మొదలు. ప్రమోద్ కళ్ళు మేడమ్ వైపు పోయాయి, మేడమ్ ముఖంలో ఏమీ దొరకలేదు. వెనక్కి నడిచాడు. డిక్కీ తెరిచి చాలాసేపు వంగి నిలబడ్డాడు. సమ్మెటతో వచ్చినప్పుడు అతని నుదుటిమీద చెమట పట్టి ఉంది.

"ఏ రాయి?"

"నీకెరుకే గదా."

క్రషర్ నోటి దగ్గరి బండ ముందుకు అతని కాళ్ళు వాటంతటవే పోయాయి. పోయాక, ఎక్కడికి వచ్చి నిలబడ్డాడో చూసుకున్నాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది, నవత చూసేసింది. ఒక దెబ్బ కొట్టాడు. బండ పగలలేదు. చప్పుడు కొండగోడకు తగిలి తిరిగి వచ్చింది.

కుర్చీలో తొమికో నుమాతా తల ఎత్తింది. పొడిబారిన ఆ ముఖం మెల్లగా విప్పుకుంది. మంచి పద్యం వచ్చే పూట మాత్రమే అలా అవుతుందని నవతకు తెలుసు.

ప్రమోద్ సమ్మెట దించి తిరిగి చూశాడు. "ఐపాయె గదా?"

నవత చల్లటి సీసాలు రెండూ చేతిలోకి తీసుకుంది. మూత తియ్యలేదు. అతని గొంతునే తన గొంతులో పెట్టుకుని, అతని ఒత్తుతో, అతని సాగదీతతో అంది:

"తమ్మీ, ఇంకొక్కపారి కొట్టు. మేడమ్ సూస్తున్నది."

సమ్మెట కర్ర మీద ప్రమోద్ వేళ్ళు బిగుసుకున్నాయి. అతను వదిన వైపు చూడలేదు. మేడమ్ వైపు చూశాడు, ఆ మాట వదినకు చెప్పగలిగింది ఆ ఒక్క మనిషే. అప్పుడు బండ వైపు కాక, కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు.